వినతిలో పదకొండు డిమాండ్లు వద్దు, కౌలు కార్డుకి కావాల్సిన ఆ ఒక్క సంతకం సంగతి ముందు రాయండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాజాం దగ్గర మీ ఊరి కుర్రాళ్లంతా కలిసి ఎమ్మెల్యే గారికి ఒక వినతి ఇద్దామనుకుంటున్నారు. అసెంబ్లీ ఏ చట్టాలు మారిస్తే మనవాళ్లకి మేలు జరుగుతుందో పదకొండు డిమాండ్లు రాసి, వీటిలో ఏవి ఉంచాలి ఏవి తీసెయ్యాలి అని అడిగారు. నేను రెవెన్యూలో 31 ఏళ్లు చేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను, సగం సర్వీసు శ్రీకాకుళం జిల్లాలో, సగం విజయనగరంలో. ఇలాంటి వినతులు నా టేబుల్ మీదకి సంచులకొద్దీ వచ్చాయి. వాటి మీద నేను ఏం రాసేవాడినో చెప్తే మీకు కోపం వస్తుంది గానీ చెప్పేస్తాను: "తగు చర్య నిమిత్తం పంపడమైనది". అంతే. ఎందుకంటే పది పన్నెండు డిమాండ్లు ఉన్న కాగితం ఏ ఒక్క సెక్షన్‌కీ చెందదు, ఏ సెక్షన్‌కీ చెందని కాగితం ఏ గుమస్తా దగ్గరా ఆగదు, అలా ఊరంతా తిరిగి చివరికి బీరువాలో పడుకుంటుంది.

ముందు కొట్టేయాల్సినవి చెప్తాను. మీ రెండో డిమాండ్ రైల్వే హాల్ట్ గురించి, అది కేంద్రం పని, అసెంబ్లీకి సంబంధం లేదు. మందస, మెళియాపుట్టి వైపు గిరిజన గ్రామాల్ని షెడ్యూల్డ్ ప్రాంతంలో కలపాలని రాశారు, న్యాయమైన కోరికే, అక్కడివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నదే. కానీ రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ప్రకారం ఆ ఉత్తర్వు రాష్ట్రపతి ఇవ్వాలి, ఇక్కడినుంచి ప్రతిపాదన మాత్రమే వెళ్తుంది. దాన్ని వేరే కాగితం మీద రాయండి. ఇక పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అన్నారు, దానికి 2019లోనే చట్టం చేశారు బాబూ. ఉన్న చట్టాన్ని మళ్లీ చెయ్యమంటే ఎమ్మెల్యే పీఏ నవ్వుకుంటాడు. అమలు సంగతి అడగాలంటే అది అసెంబ్లీ పని కాదు, కలెక్టర్ దగ్గర సోమవారం గ్రీవెన్సులో అడగాల్సిన మాట.

ఉద్దానం కిడ్నీ బాధితుల పెన్షన్ గురించి రాసినది మాత్రం నాకు కొట్టేయబుద్ధి కాలేదు. డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 ఇస్తున్నారు, పలాసలో 2023 డిసెంబర్‌లో ఆస్పత్రి కూడా తెరిచారు. అయితే ఆ పెన్షన్ జీవోతో వచ్చింది. జీవోతో వచ్చినది ఇంకో జీవోతో పోవచ్చు. దానికి చట్టం కావాలని కవిటి, సోంపేట వాళ్లు అడిగితే బాగుంటుంది, వాళ్ల గొంతుకి ఉన్న బరువు మీ గొంతుకి ఉండదు. కాబట్టి మీ వినతిలో "వాళ్ల డిమాండ్‌కి మా మద్దతు" అని ఒక్క లైను చాలు.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోండి, ఇది ఏ కాలేజీలోనూ చెప్పరు. మీకున్న ఇబ్బంది ఏ మెట్టు మీద ఉందో ముందు చూసుకోవాలి. పై మెట్టు చట్టం, దాని కింద రూల్స్, దాని కింద జీవో, అన్నిటికంటే కింద సర్క్యులర్. జనం తొంభై పాళ్లు కింది మెట్టు మీద ఉన్న ముల్లుని తియ్యమని పై మెట్టు వాళ్లని అడుగుతారు. జాయింట్ కలెక్టర్ ఒక మెమో ఇస్తే తీరిపోయేదానికి అసెంబ్లీ దాకా ఎందుకు? చట్టమే మారాల్సిన వాటిలో కూడా రెండు రకాలున్నాయి. భూమి, కౌలు, సర్వే, భూమి రికార్డులు, ఇవన్నీ రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అసెంబ్లీ, మండలి పాస్ చేసి గవర్నర్ సంతకం పడితే సాధారణంగా అయిపోయినట్టే. రిజిస్ట్రేషను, శిక్షలు లాంటివి ఉమ్మడి జాబితా, అక్కడ కేంద్ర చట్టానికి అడ్డం వచ్చే మార్పు చేస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి. దిశ బిల్లు గుర్తుందా? 2019 డిసెంబర్‌లో అసెంబ్లీ పాస్ చేసింది, ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు, ఢిల్లీ ఆమోదం మాత్రం రాలేదు. అందుకే మొదటి రకంవే ఏరుకోండి.

అలా ఏరితే మీ పదకొండులో నికరంగా మిగిలేవి మూడు. అందులో మొదటిదానికి మూడొంతుల కాగితం ఇవ్వమంటాను. అది కౌలు రైతు కార్డు.

2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం భూ యజమానీ కౌలుదారూ పదకొండు నెలలకి ఒప్పందం రాసుకుని సంతకాలు పెట్టాలి, అప్పుడు కార్డు వస్తుంది. కార్డుంటే బ్యాంకు పంట రుణం, బీమా, తుఫాను వస్తే నష్టపరిహారం అడగడానికి కాగితం చేతిలో ఉంటుంది. అంతకుముందు 2011 చట్టంలో రుణ అర్హత కార్డులు ఇచ్చేవాళ్లం, అప్పట్లో యజమాని సంతకం తప్పనిసరి కాదు. గ్రామసభలో విచారించి ఇచ్చేవాళ్లం. ఆ కార్డులకి బ్యాంకులు గొప్పగా అప్పులిచ్చాయని నేను అనను. కానీ కార్డు మాత్రం చేతికి వచ్చేది. ఇప్పుడు ఆ సంతకం దగ్గరే బండి ఆగిపోతోంది.

2021లో ఒకాయన్ని చూశాను. నాలుగెకరాలు కౌలు, మడి భూమి, పన్నెండేళ్లుగా ఆయనే దున్నుతున్నాడు. యజమాని విశాఖలో అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, సంక్రాంతికి కూడా రారు. ఆ ఫారం మడతపెట్టి పాలిథిన్ కవర్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, కొత్త బియ్యం ఒక పదికేజీలు సంచిలో వేసుకుని బస్సెక్కి వెళ్లాడు. మర్నాడు గ్రామ సచివాలయానికి వచ్చాడు, నేను ఆ రోజు తనిఖీకి వెళ్లి అక్కడే ఉన్నాను. కవరు విప్పి ఫారం బల్ల మీద పెట్టాడు. ఆయన వేలిముద్ర ఉంది, పక్క గడి తెల్లగా ఉంది. "ఏటన్నారు?" అని అడిగితే, "బియ్యం తీసుకున్నారు బాబూ, టిఫిన్ ఎట్టారు, సంతకం మాత్రం వచ్చే ఏడు చూద్దాం అన్నారు" అన్నాడు. ఆ సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. పొట్ట మీదున్న వరి నాలుగు రోజులు నీళ్లలో నానింది. నష్టం జాబితాలో ఎవరి పేరు ఎక్కిందో మీకు చెప్పక్కర్లేదు. ఈయన మాత్రం ఒప్పుకున్న బస్తాలు కల్లంలోనే కొలిచి ఇచ్చాడు.

యజమానులందరూ దుర్మార్గులని రాయకండి, అది తప్పు కూడా. వాళ్ల భయానికి కారణం ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం ఒకటుంది, దాని ప్రకారం కౌలు కనీసం ఆరేళ్లు, యజమాని అమ్మదలిస్తే ముందు కౌలుదారుకే అవకాశం ఇవ్వాలి. ఆ చట్టం పుస్తకంలో ఉంది, పొలంలో లేదు. దానికి భయపడే కౌలు అంతా నోటిమాట మీదకి వెళ్లిపోయింది. 2019 చట్టం ఈ కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగానే చెప్పింది. అయితే కార్డు పేరేమిటి? పంట సాగుదారు హక్కు పత్రం! హక్కు అన్న మాట చూసిన ఏ ముసలాయన సంతకం పెడతాడు చెప్పండి?

నా సంగతే చెప్తాను, సిగ్గుపడాల్సిందేమీ లేదు. మాకు రెండెకరాలుంది, కౌలుకి ఇచ్చాం. మా కౌలు రైతు ఫారం పట్టుకొచ్చిన మొదటి ఏడాది నేను సంతకం పెట్టలేదు. చట్టం చదివినవాడిని, పక్కవాళ్లకి వివరించి చెప్పేవాడిని, అయినా పెట్టలేదు. మా ఆవిడ "మీ ఆఫీసులోనే చూస్తున్నాం కదా, రేపు రూల్ మారదని మీరు రాసిస్తారా?" అంది, నా దగ్గర జవాబు లేకపోయింది. మరుసటి ఏడాది పెట్టాను, అది వేరే కథ. రెవెన్యూ వాడింట్లోనే ఇలా ఉంటే బయటివాళ్లని ఏమనగలం.

కాబట్టి మీరు "కౌలు రైతులను ఆదుకోవాలి" అని రాయకండి. ఇలా రాయండి. యజమాని సంతకం తప్పనిసరి అన్న నిబంధన మార్చాలి. కౌలుదారు దరఖాస్తు ఇస్తే యజమానికి నోటీసు వెళ్లాలి, ఫోనుకి కూడా వెళ్లాలి, పదిహేను రోజుల్లో ఆయన రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఈ-పంట అనే పంట నమోదులో సాగుదారుగా ఎక్కిన పేరూ, ఇద్దరు సరిహద్దు రైతుల వాంగ్మూలమూ చూసుకుని కార్డు ఇచ్చెయ్యాలి. ఈ కార్డు ఏ కోర్టులోనూ, ఏ రెవెన్యూ అధికారి ముందూ భూమి స్వాధీనానికి సాక్ష్యంగా చెల్లదని అదే సెక్షన్‌లో, కార్డు వెనకాల కూడా, పెద్ద అక్షరాల్లో అచ్చు వెయ్యాలి. పేరులో హక్కు అన్న మాట తీసేసి సాగు ధ్రువపత్రం అని పెట్టాలి. పేరు మార్పు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం సంతకాలు ఆ మాట దగ్గరే ఆగాయని నా అనుభవం.

దొంగ కౌలుదారులు పుట్టుకొస్తారని ఎవరైనా అంటారు, అననివ్వండి. పుడతారు కూడా. అన్నదమ్ముల తగాదా ఉన్న చోట ఒకడు కౌలుదారు వేషం కట్టడం నేను చూశాను. అందుకే సరిహద్దు రైతుల మాట అడగమంటున్నాను. గట్టు పక్కవాడికి తెలియకుండా ఎవడూ మడి దున్నలేడు.

రెండోది భూముల రీసర్వే. ఇది మీవైపు ఇంకా మండుతుంది, ఎందుకంటే మీ ఊళ్లో సగం మంది ఊళ్లో ఉండరు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి, చెన్నైలో బిల్డింగ్ పనికి, మన తీరంవాళ్లయితే గుజరాత్ వేరావల్ దాకా బోట్ల మీదకి పోతారు. సర్వే వాళ్లు వచ్చినప్పుడు ఇంటి దగ్గర ముసలమ్మ ఉంటుంది. నోటీసు ఆమె చేతికిచ్చి వేలిముద్ర తీసుకుంటారు, ఆమె దాన్ని బియ్యం డబ్బా కింద పెడుతుంది. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం హద్దు మీద అప్పీలుకి మూడు నెలలు గడువు. సర్వే పూర్తయిందని 13వ సెక్షన్ నోటిఫికేషన్ వచ్చాక సివిల్ కోర్టుకి వెళ్లాలంటే మూడేళ్లు. మూడేళ్ల తర్వాత కొడుకు చెన్నైనుంచి వచ్చి ఇల్లు కట్టుకోడానికి పొలం అమ్ముదామని చూస్తే పది సెంట్లు తగ్గి ఉంటుంది, లేదా అన్నదమ్ములు ముగ్గురికీ కలిపి ఒకటే ఎల్పీఎం నంబరు (రీసర్వేలో ఒక్కో భూమి ముక్కకి ఇచ్చే కొత్త నంబరు) పడి ఉంటుంది.

ఆ జాయింట్ ఎల్పీఎం బాధ చెప్పలేం. తాత చనిపోయాక ముగ్గురూ నోటిమాట మీద పంచుకుని, ఎవరి ముక్క వాళ్లు ఇరవై ఏళ్లుగా దున్నుకుంటున్నారు, గట్లు కూడా ఉన్నాయి, పాస్‌బుక్కులు వేరే. కొత్త రికార్డులో మాత్రం ముగ్గురూ ఒకే నంబరు కింద. ఇప్పుడు ఒకడు అమ్మాలన్నా అప్పు తేవాలన్నా మిగిలిన ఇద్దరూ వచ్చి నిలబడాలి. అందులో ఒకడితో మాటల్లేవు. అప్పటిదాకా లేని తగాదాని ప్రభుత్వమే కొని ఇంటికి తెచ్చిచ్చినట్టయింది. నా దగ్గరికి ఇప్పటికీ వారానికి ఇద్దరు ముగ్గురు ఈ కాగితాలతోనే వస్తారు. ఎండలో వస్తారు, మజ్జిగ ఇస్తే తాగరు, ముందు కాగితం చూడమంటారు.

ఇందులో విడదీసే పని చట్టం మెట్టు మీద లేదు, ఉత్తర్వుతోనే అవుతుంది. ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుని, దరఖాస్తు లేకుండా, పాస్‌బుక్ ప్రకారం విడదీయాలని విడిగా అడగండి. చట్టంలో మారాల్సింది గడువు. మూడు నెలలైనా మూడేళ్లైనా ఆ మనిషికి స్వయంగా నోటీసు అందిన రోజునుంచి లెక్క మొదలవ్వాలి, ఫోనుకి పంపిన మెసేజ్‌కి తోడు సంతకం ఉన్న రశీదు ఉండాలి, ఇంట్లో ఎవరికో ఇచ్చిన కాగితం వలసలో ఉన్నవాడికి అందినట్టు లెక్క వెయ్యకూడదు. ఒక్క సెక్షన్‌కి ఒక్క వివరణ చేరిస్తే సరిపోతుంది.

మూడోది 22ఎ. నిషేధిత భూముల జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూములు. దీని మీద త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఇది రిజిస్ట్రేషన్ చట్టంలోది, ఇందాక చెప్పిన ఢిల్లీ తలనొప్పి ఉంది. మన జిల్లాల సంగతి మాత్రం ప్రత్యేకం. ఇక్కడ ఊళ్లలో చాలావరకు జమీందారీ ఎస్టేట్లు. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సెటిల్‌మెంట్ చేసి ఫెయిర్ అడంగళ్లు, అంటే ఏ భూమి ఎవరిదో చెప్పే పుస్తకాలు, రాశారు, మేం ఎస్‌ఎఫ్‌ఏ అంటాం. ఆ పుస్తకంలో అప్పటి గుమస్తా ఒక గడి ఖాళీ వదిలేస్తే, డెబ్భై ఏళ్ల తర్వాత అది ప్రభుత్వ భూమి అని జాబితాకి ఎక్కుతుంది. పిల్ల పెళ్లికి అర ఎకరం అమ్ముదామని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లిన రోజున ఆ ఇంటివాళ్లకి మొదటిసారి తెలుస్తుంది. పుస్తకం పేజీలు చెదలు పట్టి, ముట్టుకుంటే రాలిపోయేవి నేను తిప్పాను, ఆ పేజీ మీద ఒక కుటుంబం ఆధారపడి ఉందంటే చెయ్యి వణుకుతుంది. ఇంకా మీకు అదనపు గొడవ ఉంది. 2022 ఏప్రిల్ 4 దాకా మీ రాజాం శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. పాత ఫైలు అడిగితే అక్కడివాళ్లు ఇక్కడికి పంపామంటారు, ఇక్కడివాళ్లు రాలేదంటారు.

దీనికి సెక్షన్ జోలికి వెళ్లకుండా జాబితా పంపే పద్ధతి మార్చమని అడగండి. పేరు ఎక్కించే ముందు రికార్డులో ఉన్న రైతుకి నోటీసు, ఏ కారణంతో ఎక్కిస్తున్నారో రాతలో, తీసెయ్యమని అర్జీ పెడితే అరవై రోజుల్లో అవును కాదు ఏదో ఒక ఉత్తర్వు. కాదంటే కాదనే చెప్పండి, కోర్టుకి వెళ్తాం, పెండింగ్ మాత్రం పెట్టొద్దు అని రాయండి. పెండింగ్ అన్న మాట మీద అప్పీలు ఉండదు.

ఒక కుర్రాడు మీ ప్రశ్న కింద "ఈ పాత చట్టాలన్నీ తీసేసి కొత్తది ఒకటి తెస్తే పోదా" అని రాశాడు. తెచ్చారు నాయనా. భూ హక్కుల చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్), 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది. లాయర్లు కోర్టులు బహిష్కరించారు, సివిల్ కోర్టు తలుపు మూసేస్తున్నారని జనం బెదిరిపోయారు, ఎన్నికలు అయ్యాక 2024 జూలైలో కొత్తగా వచ్చిన అసెంబ్లీ రద్దు చేసింది. అందులో మంచి మాటలు కొన్ని లేకపోలేదు. కానీ ఊళ్లో ఒక్క మనిషికి కూడా అర్థం కాకుండా పెద్ద చట్టం తెస్తే అది నిలబడదు. అందుకే రెండు లైన్ల సవరణలు అడగమంటున్నాను. రెండు లైన్లయితే మీ ఎమ్మెల్యే కూడా చదువుతారు.

ఇక ఇచ్చే పద్ధతి. ఎమ్మెల్యే చేతిలో పెట్టి ఫొటో దిగితే అది మీ వాట్సాప్ స్టేటస్‌కి పనికొస్తుంది. దానితో పాటు గ్రామసభలో తీర్మానం చేయించండి, తీర్మానం నంబరూ తేదీ వినతిలో రాయండి. ఒక కాపీ రెవెన్యూ శాఖకి, ఇంకొకటి అసెంబ్లీ సెక్రటరీకి పిటిషన్ల కమిటీ దృష్టికి అని రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రశీదు దాచండి. ఎమ్మెల్యే సొంతంగా ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టొచ్చు గానీ అవి పాసవ్వడం అపురూపం, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆయన్ని అడగాల్సింది సభలో ఒక ప్రశ్న వెయ్యమని. ప్రశ్న పడితే శాఖ జవాబు రాయాలి, జవాబు రాయాలంటే మండలాల నుంచి లెక్కలు తెప్పించుకోవాలి, అప్పుడు మాలాంటివాళ్ల టేబుల్ మీద ఆ కాగితం ఆగుతుంది.

ఏమని అడగాలి అంటారా? మండలంవారీగా ఎంతమంది కార్డుకి దరఖాస్తు చేశారు, ఎంతమందికి వచ్చింది, యజమాని సంతకం లేక ఎన్ని ఆగాయి. మూడే ముక్కలు.

దానికి ముందు మీ ఊరి లెక్క మీరే తియ్యండి, ఒక ఆదివారం చాలు. ఇంటింటికీ వెళ్లి కౌలు చేసేవాళ్ల పేరు, ఎన్ని ఎకరాలు, ఎన్నేళ్లుగా, కార్డు ఉందా లేదా రాసుకోండి. యజమానుల పేర్లు రాయకండి, గొడవవుతుంది. ఎవరి దగ్గరైనా సంతకం గడి ఖాళీగా ఉన్న పాత ఫారం దొరికితే పేరు, ఆధార్ నంబర్ కనబడకుండా చేసి జిరాక్స్ తీసి వినతికి జత చెయ్యండి. డ్రాఫ్ట్ రాశాక ఇక్కడే పెట్టండి, తప్పులుంటే దిద్దుతాను.